మందు కొట్టని పంటంతా మంచి పంటేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రాయలసీమ నుంచే వచ్చాయి. ఎవరికి వారు విడిగా రాసినా, అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న ఒకటే: తినేవారికి హాని చేయని పంటను మన మెట్ట భూముల్లో పండించడం ఎట్లా, పండించి నష్టపోకుండా నిలబడడం ఎట్లా? వాటిలో ఐదింటిని ఇక్కడ తీసుకున్నాను. వేరుశనగకు సంబంధించిన రెండు ఉత్తరాలకు ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే మన ప్రాంతంలో రైతు అప్పూ, ఇంటి వంటనూనే, పశువు దాణా కూడా ఆ పంటతోనే ముడిపడి ఉన్నాయి.

ప్రశ్న: అయ్యా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల ఎర్రనేల, అంతా వర్షాధారం. మా నాయన కాలం నుంచీ బుడ్డలే (వేరుశనగే) వేస్తున్నాం. ఈ ఏడు భూమి మొత్తాన్నీ ప్రకృతి సేద్యంలోకి మార్చేద్దామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. సంచి ఎరువు, పురుగుమందు ఏదీ వద్దంటాడు. జనానికి మంచి తిండి పెట్టాలన్న మాట నాకూ నచ్చింది గాని, పంట పోతే అప్పు ఎట్లా తీర్చేది? ఒక్కసారే మారవచ్చునా? — ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: మీ అబ్బాయి ఆలోచన మంచిది. అయినా ఆరెకరాలూ ఒకే ఏడు మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించింది. వరి దిగుబడి పడిపోయి, తేయాకు రైతులు దెబ్బతిని, కొన్ని నెలలు తిరగకముందే ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి సంచి ఎరువుకు అలవాటు పడిన నేల ఒక్క పంటకాలంలో కోలుకోలేదని ఆ ఉదంతం మనకు నేర్పింది. ఒక దేశానికే తట్టుకోవడం కష్టమైన దెబ్బను అప్పులో ఉన్న కుటుంబం అసలు తట్టుకోలేదు. అందుకని ఇంటికి దగ్గరగా, రోజూ కాలు పెట్టి చూసుకోవడానికి వీలుగా ఉన్న ఒక్క ఎకరంతో మొదలుపెట్టండి. మిగిలిన ఐదెకరాలలో ఈ ఏడు ఎరువులు మానకపోయినా, పురుగు కనిపించకముందే అలవాటుగా కొట్టే మందులను మాత్రం మానండి. డబ్బు మిగలడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు జీవామృతం సంగతి. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో ఎకరానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల పశువుల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి 200 లీటర్ల నీటిలో కలిపి, రెండు రోజులు నీడలో పులియబెట్టి నేలకు ఇస్తారు. దీన్ని చాలామంది యూరియాకు బదులుగా అనుకుంటున్నారు. నిరాశ అంతా అక్కడే పుడుతోంది. ఈ తొట్టి మొత్తంలో ఉండే నత్రజని పావు కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోలు ఉంటుంది. జీవామృతం పాలకు తోడు వంటిది. తోడు ఎంత మంచిదైనా గిన్నెలో పాలు ఉండాలి గదా! నేలలో సేంద్రియ పదార్థం ఉంటేనే ఆ సూక్ష్మజీవులకు పని దొరుకుతుంది. అది లేని ఉత్త ఎర్రనేల మీద ఎన్ని తొట్లు పోసినా పెద్ద ఫలితం కనిపించదు.

కాబట్టి మీ మొదటి ఏడాది పని నేలకు తిండి పెట్టడం. మన పెద్దలు వేసవిలో చెరువు ఒండ్రును బండ్ల మీద తోలేవారు, గొర్రెల మందలను రాత్రిళ్లు పొలంలో ఆపించేవారు, దిబ్బ ఎరువును గొర్రు కట్టే ముందే చల్లేవారు. ఆ మూడింటిలో మీకు అందుబాటులో ఉన్నదాన్ని ఆ ఎకరానికి ఈ వేసవిలోనే చేయండి. దానితోపాటు తొలకరికి ముందే అలసంద, పెసర, ఉలవ, జొన్న, సజ్జ, కొర్ర, నువ్వు వంటి రకరకాల విత్తనాలను బంకమట్టి, ఘనజీవామృతం (జీవామృతాన్నే పేడతో పొడిగా చేసుకునే రూపం), బూడిద పూతతో గుళికలుగా చేసి పొడి దుక్కిలోనే చల్లే పద్ధతి ఒకటి ఉంది. పూత ఉండడం వల్ల చీమలూ పక్షులూ వాటిని అంత సులువుగా ఎత్తుకుపోవు, చిన్న జల్లుకే మొలకెత్తుతాయి. మన రాష్ట్రంలో 2016లో మొదలై రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ పద్ధతిని కరువు నేలల్లో బాగా ముందుకు తీసుకువెళ్లింది. ఆ కార్యక్రమానికి మరో ఇద్దరు విజేతలతో పాటు 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురంలో, వేసవి ఎండకు నేలను బోసిగా వదలకపోవడమే సగం సేద్యం అని నా నమ్మకం.

ఇక పంట. ఎకరమంతా ఒట్టి బుడ్డలే వేయకండి. మీ తాతగారి హయాంలో వేరుశనగలో కంది సాళ్లు, గట్టు వెంట ఆముదం తప్పనిసరిగా ఉండి ఉంటాయి. వాటికి కారణాలున్నాయి. పొగాకు లద్దెపురుగు తల్లి రెక్కల పురుగు ఆముదం ఆకును వెతుక్కుని వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్ల సముదాయం కనిపించిన ఆకును తుంచి పారేస్తే ఆ మేరకు మందు కొట్టే అవసరం తప్పుతుంది. పొలం చుట్టూ నాలుగు వరుసల జొన్న గాని సజ్జ గాని దట్టంగా వేయడం మరీ ముఖ్యం. 2000 సంవత్సరంలో కాండం కుళ్లు వైరస్ తెగులు అనంతపురం జిల్లాలో లక్షల ఎకరాల వేరుశనగను తినేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులు దాన్ని పంటకు అంటిస్తాయి. తెగులు సోకిన మొక్కకు వైద్యం లేదు. చుట్టూ జొన్న కంచె, గట్ల మీద పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయడం, ఈ రెండే దానికి అడ్డుగోడలు. ఎంత ఖరీదైన డబ్బా కొన్నా ఈ పనిని అది చేసిపెట్టలేదు.

ఆ ఎకరానికి ఖర్చు ఎంత, రాబడి ఎంత అన్నది మీ అబ్బాయి చేతే ఒక పుస్తకంలో రాయించండి. మొదటి ఏడు దిగుబడి కొంత తగ్గవచ్చు. ఖర్చు ఎంత తగ్గిందో పక్కన పెట్టి చూసుకున్నాకే రెండో ఎకరం జోలికి వెళ్లండి. విత్తే ముందు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించుకోండి. విత్తనం విషయంలో కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘కదిరి లేపాక్షి’ వంటి కరువుకూ తెగుళ్లకూ తట్టుకునే రకాన్ని ఎంచుకుంటే మందు అవసరం మొదట్లోనే తగ్గుతుంది.

ప్రశ్న: ధర్మవరంలో ఉంటాము. తెలిసిన రైతు దగ్గర మందు కొట్టని బుడ్డలు కొని, గానుగ ఆడించి, ఆ నూనే ఇంట్లో వాడుతున్నాము. చెక్కను మా ఆవుకు పెడతాము. ఈసారి గింజల్లో కొన్ని ముడుతలు పడి, నల్లబడి, కొన్నింటి మీద పచ్చగా బూజు కనిపించింది. కొన్ని చేదుగా ఉన్నాయి. మందు లేని పంట కాబట్టి ఫరవాలేదని మా వారు అంటున్నారు. నిజమేనా? — ఒక గృహిణి, ధర్మవరం

జవాబు: అమ్మా, మీకు వచ్చిన అనుమానమే సరైనది. ఆ గింజలను వాడవద్దు. ఆ చెక్కను ఆవుకు కూడా పెట్టవద్దు.

ఆ పచ్చని బూజు ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఏ కంపెనీ అమ్మని, ఏ రైతూ కొట్టని విషం అది. పూర్తిగా ప్రకృతి సహజమైనదే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొన్ని నెలల్లోనే చచ్చిపోతే, కారణం వెతికినవారికి వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. కాలేయ క్యాన్సర్‌కు ఇది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. హెపటైటిస్ బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి దీన్ని అనుమతించవు. వేయించినంత మాత్రాన ఇది పూర్తిగా పోదు. గానుగలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోయినా, కొంత నూనెలోకి దిగుతుంది. రిఫైనరీలో శుద్ధి చేసిన నూనెలో ఇది తొలగిపోతుంది గాని, గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. అందుకని గానుగ నూనె వాడే ఇంట్లో గింజ ఏరుకోవడంలో మరింత కఠినంగా ఉండాలి. ఇక చెక్క తిన్న ఆవు కాలేయంలో ఈ విషం కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది ఇంట్లో పిల్లలే.

మీ వారిని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. రసాయనాలకు భయపడి మంచి తిండి వెతుక్కునే కుటుంబాలన్నీ, ‘మందు కొట్టారా, లేదా’ అనే ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. ‘ఎట్లా ఆరబెట్టారు, ఎక్కడ నిలువ చేశారు’ అన్న ప్రశ్న కూడా రైతును అడగండి. ఆ రైతు కోసం ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను, ఈ పేజీని ఆయనకు చూపించండి.

ఈ బూజు పొలంలోనే మొదలవుతుంది. కోతకు ముందు నాలుగైదు వారాలు వాన లేక నేల కాగితే, ఎండకు వాడిన కాయలోకి శిలీంధ్రం సులువుగా చొరబడుతుంది. పంట కుంటలో నీళ్లుంటే ఆ సమయంలో ఇచ్చే ఒక్క తడి కాయను కాపాడుతుంది. ఊడలు దిగే దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేస్తే కాయ తోలు గట్టిపడి, గింజ నిండుగా పడుతుంది. జిప్సం ఖనిజం కాబట్టి సేంద్రియ నియమాలు దానికి అడ్డు చెప్పవు. చెదపురుగు గీరిన కాయ, గుంటక తగిలి చీలిన కాయ, పక్వానికి రాని కాయ ముందుగా బూజుకు లోబడతాయి. వాటిని మంచి కాయతో కలపకుండా పొలంలోనే వేరు చేయాలి.

అసలు నష్టం ఎక్కువగా జరిగేది పీకిన తరువాత. మన దగ్గర చెట్లు పీకి, పచ్చి మీదే వామి వేసే అలవాటు ఉంది. లోపల ఆవిరి పట్టి, కాయ వారాల తరబడి తేమలో మగ్గుతుంది. అదే చెట్లను కాయలు పైకి, ఆకు కిందికి వచ్చేట్లు తిరగేసి వరుసలుగా పేర్చితే రెండు మూడు రోజుల్లోనే ఎండ తగిలి తేమ చాలావరకు పోతుంది. తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. మట్టి కళ్లం మీద కంటే టార్పాలిన్ మీద ఆరబెట్టడం మేలు. గింజ విరగకూడదని కాయల మీద నీళ్లు చల్లి మిషన్‌లో ఒలిపించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. బూజుకు అంతకంటే మంచి ఆహ్వానం మరొకటి లేదు. నిలువ ఎప్పుడూ కాయగానే చేయాలి, ఎప్పటికి కావలసినంత అప్పుడు ఒలుచుకోవాలి. గోనె సంచులను చెక్క బల్లల మీద, గోడకు తగలకుండా పెట్టుకోవాలి. మా ఇంట్లో మా అవ్వ విత్తనపు కాయలను ఎవరినీ తాకనిచ్చేది కాదు, తడి చేత్తో అసలు తాకనిచ్చేది కాదు. ఆమె జాగ్రత్త వెనుక ఎంత అర్థముందో ఈ బూజు గురించి చదివిన తరువాతే నాకు తెలిసింది.

మీరు చేయవలసింది ఇదీ: గానుగకు పంపే ముందు గింజలను పరచి, ముడుచుకున్నవి, రంగు మారినవి, మొలక వచ్చినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. వాటిని కోళ్లకో పశువులకో పెట్టకుండా పూడ్చివేయండి.

ప్రశ్న: పత్తికొండ దగ్గర రెండెకరాల్లో టమాటా వేస్తాను. కాయతొలుచు పురుగుకు వారానికోసారి మందు కొట్టక తప్పడం లేదు. కోతకు ముందు రోజు కొడితే కాయ నిగనిగలాడుతుందని దుకాణంలో చెప్పారు. ఇది తినేవారికి ప్రమాదమా? — ఒక యువ రైతు

జవాబు: ప్రమాదమే. ప్రతి డబ్బా మీదా చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజుల విరామం ఉండాలో రాసి ఉంటుంది. ఆ గడువుకు ముందు కోసిన కాయలో మందు అవశేషం మిగిలే ఉంటుంది. ఏ మందుకు ప్రత్యేకంగా హద్దు నిర్ణయించలేదో దానికి మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. డబ్బా మీద త్రికోణం రంగు చూడడం కూడా అలవాటు చేసుకోండి: ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, చివరకు ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడడం 2005 నుంచే నిషిద్ధం. ఎవరు చేతిలో పెట్టినా తీసుకోకండి. నిగనిగ కోసం మందు కొట్టమని చెప్పిన దుకాణాన్ని మార్చండి.

కాయతొలుచు పురుగుకు మరో దారి ఉంది. 25 రోజుల టమాటా నారుతోపాటు 40 రోజులు దాటిన బంతి నారును, ప్రతి 16 వరుసల టమాటాకు ఒక వరుస చొప్పున నాటండి. టమాటా పూతకు వచ్చే సమయానికి బంతి కూడా పూసి, తల్లి పురుగు గుడ్లు అక్కడ పెట్టుకుంటుంది. బంతి మొగ్గల్లో చేరిన పురుగులను ఏరేస్తూ ఉండాలి, లేకపోతే అక్కడే వృద్ధి చెంది తిరిగి టమాటాకు వస్తాయి. ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించేవి) పెట్టి, బుట్టలో పడే రెక్కల పురుగుల సంఖ్య పెరిగినప్పుడే వేప కషాయం కొట్టండి. 5 కిలోల వేప గింజల పప్పును దంచి, రాత్రంతా నీటిలో నానబెట్టి, గుడ్డలో వడపోసి, 100 లీటర్లకు చేర్చి, కొంచెం సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లాలి; ఎండలో చల్లితే దాని గుణం త్వరగా పోతుంది. గింజలు ఈ వేసవి చివర మీ ఊరి వేపచెట్ల కిందే రాలుతాయి. ఏరి నీడలో ఆరబెట్టుకోండి.

ప్రశ్న: కడపలో ఉంటాము. కూరగాయలను ఉప్పునీటిలో నానబెడితే మందు పోతుందా? మా పక్కింటివారు మిద్దె మీద జీవామృతంతో పాలకూర పెంచి ఇస్తున్నారు, అది మేలు కదా? — ఒక పాఠకురాలు

జవాబు: పైన అంటుకున్న మందు, దుమ్ము ధారగా పడే నీటి కింద రుద్ది కడిగితే కొంతవరకు పోతాయి, చెక్కు తీస్తే మరికొంత పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్న మందు ఏ నీటికీ పోదు. దానికి మందు పొలంలోనే ఆగాలి. మిద్దె మీది పాలకూర విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పండి. జీవామృతంలో పచ్చి పేడ ఉంటుంది, అందులో కడుపు జబ్బులు తెచ్చే క్రిములు ఉండవచ్చు. అమెరికా సేంద్రియ నియమాల ప్రకారం నేలకు తగిలే పంట కోతకు 120 రోజుల ముందే పచ్చి పేడ వేయడం ఆపాలి. మన పద్ధతిలో అంత విరామం కుదరకపోయినా, ఆకుల మీద చల్లకుండా మొదట్లోనే పోయాలి, కోత దగ్గర పడ్డాక మానాలి, పచ్చిగా తినే ఆకుకు అసలు వాడకూడదు. మాగిన పేడ ఎరువు, వర్మీకంపోస్టు ఆ పనికి చాలు.

ప్రశ్న: కోవెలకుంట్ల ప్రాంతంలో కొర్ర వేస్తున్నాను, ఏ మందూ వాడను. అయినా మార్కెట్‌లో అందరితో పాటే ధర కడుతున్నారు. ధ్రువపత్రం లేకుండా నా మాట ఎవరు నమ్ముతారు? — ఒక రైతు

జవాబు: మీరు ఎంచుకున్న పంట మంచిది. మూడు నెలల లోపే చేతికొచ్చే కొర్రకు మందు అవసరమే తక్కువ. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన ‘సూర్యనంది’ మీ నేలలకు బాగా సరిపోతుంది. ధర విషయంలో ఒక్కరే నిలబడి గెలవడం కష్టం. పొరుగు రైతులు కనీసం ఐదుగురు చేరితే పీజీఎస్ ఇండియా అనే సేంద్రియ ధ్రువీకరణ పద్ధతిలో జట్టుగా నమోదు కావచ్చు. ఇందులో ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేస్తారు. మార్పిడి దశలో ‘పీజీఎస్ గ్రీన్’, పూర్తయ్యాక ‘పీజీఎస్ ఆర్గానిక్’ గుర్తు వస్తుంది. విదేశాలకు పంపాలంటే మాత్రం ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) ధ్రువీకరణ తప్పదు, దానికి బయటి సంస్థ వచ్చి తనిఖీ చేయాలి, ఖర్చూ ఉంటుంది. మీకు ఇప్పుడు అది అక్కరలేదు.

కొర్రలను గింజగా అమ్మకుండా, పొట్టు తీసి, పాలిష్ పట్టకుండా బియ్యంగా అమ్మగలిగితే మిగులు పెరుగుతుంది. ఈ పని ఒక జట్టుకే సాధ్యం. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో పనిచేసే రైతులు 2008లో ‘ధరణి’ అనే సహకార సంఘం పెట్టుకుని, తమ చిరుధాన్యాలు, వేరుశనగ తామే కొని, శుద్ధి చేసి, అమ్ముకుంటున్నారు. మీ ఐదుగురూ కలిసి ఒకసారి అక్కడికి వెళ్లి, కొర్రల మిల్లు ఎట్లా నడుస్తోందో, రైతుకు డబ్బు ఎప్పుడు చేతికి అందుతోందో అడిగి తెలుసుకుని రండి. జట్టు నమోదుకు పొలం పాసు పుస్తకం నకలు, ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో, ఏమేమి వాడారో రాసిన పుస్తకం చేతిలో ఉంచుకోవాలి. ఆ పుస్తకం రాయడం ఈ పంట నుంచే మొదలుపెట్టండి.